9 ఆర్, 8 ఎమ్, 265/104: పాత మిలిటరీ బూట్ల వెడల్పు చూసి కొనడం ఎలా

పాత ఆర్మీ బూట్లు కొనేవాళ్లలో చాలామంది ఒకే తప్పు చేస్తారు. నేనూ చేశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. నంబరు చూస్తారు, ఆ నంబరు పక్కన వెడల్పు చెప్పే అక్షరాన్ని వదిలేస్తారు.

నా కథ ఇదీ. వియత్నాం కాలం నాటి జంగిల్ బూట్లు ఒక జత కావాలని చాలా రోజులు వెతికాను. టెక్సాస్‌లో ఉండే మా బావ మిలిటరీ మిగులు సరుకు అమ్మే ఒక సర్‌ప్లస్ షాపు నుంచి ఫోన్ చేసి, "ఏం బావా, నువ్వు చెప్పిన ఎనిమిదిన్నర డబ్ల్యూ లేదు, తొమ్మిదిన్నర ఆర్ ఉంది. ఒక సైజు పెద్దదేగా, తెచ్చేయనా?" అన్నాడు. (డబ్ల్యూ అంటే వెడల్పు, ఆర్ అంటే మామూలు.) తెచ్చేయమన్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చాడు. ఇంట్లో తొడిగితే బ్రహ్మాండంగా ఉన్నాయి, ఎక్కడా పట్టేసినట్టు లేదు. వాటితోనే అనంతగిరి కొండల్లో నడకకి వెళ్లాను. ఎక్కేటప్పుడు మడమ పైకీ కిందకీ జారుతోంది, దిగేటప్పుడు పాదం మొత్తం ముందుకు దూసుకెళ్తోంది. చెప్పు కరవడం ఎవరికైనా అలవాటే గానీ, రెండు మడమలూ ఒకేసారి కొబ్బరి చెక్కలా గీరుకుపోవడం మాత్రం అదే మొదటిసారి. ఇంత జరిగినా, వెడల్పు కోసమని సైజు పెంచి కొన్న ఆ బూటు చిటికెన వేలి దగ్గర నడిచేకొద్దీ బిగుతైపోయింది!

ఎందుకలా అవుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. అమెరికన్ కొలతల్లో ఒక పూర్తి సైజు పెరిగితే పొడవు అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాంతోపాటే పాదం వెడల్పుగా ఉండే చోట, అంటే బొటనవేలి ఎముక ఉబ్బు దగ్గర, చుట్టుకొలత సుమారు పావు అంగుళం పెరుగుతుంది. పొడవు మార్చకుండా వెడల్పు ఒక్క అక్షరం పెంచినా చుట్టుకొలత పెరిగేది అదే పావు అంగుళం. అంటే 9 డి, 10 సి (డి కన్నా సి ఒక అక్షరం సన్నం) రెండిటికీ అక్కడి చుట్టుకొలత దాదాపు ఒకటే. సైజు పెంచి వెడల్పు తెచ్చుకోవచ్చు అనే మాటలో అబద్ధం లేదు, కానీ ఒక అక్షరం వెడల్పు కోసం ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పొడవు మోయాల్సి వస్తుంది. నాకు కావాల్సింది దాదాపు రెండు అక్షరాల వెడల్పు, దొరికింది ఒకటి. అది చాలదన్నట్టు బూటు వంగే చోటు నా పాదం వంగే చోటుకి ముందుకి జరిగిపోయింది. నడిచిన ప్రతిసారీ తోలు ఒకచోట ముడతపడుతుంది, వేళ్లు ఇంకోచోట వంగుతాయి. మడమ జారేది అందుకే, లేసులు ఎంత బిగించినా ఆగదు.

అందుకే వెడల్పు సమస్యని పొడవుతో తీర్చుకోకండి. కింద ఏ దేశం బూటు గురించి చెప్పినా ఈ మాట వర్తిస్తుంది.

ముందు మీ పాదం కొలవండి

టేపు తీసే ముందు ఒక సంగతి. 1912లో అమెరికా ఆర్మీ డాక్టరు ఎడ్వర్డ్ మన్సన్ సైనికుల పాదాల మీద పని చేసి కొత్త బూటు అచ్చు తయారు చేయించాడు. చెప్పులు కుట్టేవాళ్లు లోపల పెట్టి తోలు బిగించే కర్రపాదం ఉంటుంది కదా, అదే. బూట్లు కొలిచేటప్పుడు సైనికుడి వీపు మీద 40 పౌండ్లు, అంటే దాదాపు 18 కిలోల బరువు పెట్టి, ఆ బరువంతా ఒకే కాలు మీద వేసి నిలబెట్టాలని అప్పట్లో నియమం పెట్టారు. కూర్చుని కొలిస్తే వచ్చే అంకె వేరు, బరువుతో నిలబడితే వచ్చే అంకె వేరు. పాదం పరుచుకుంటుంది, అంతే.

కాబట్టి సాయంత్రం పూట, బూట్లలోకి వేసుకునే సాక్సులతోనే, వీపుకి ఒక నిండు బ్యాగ్ తగిలించుకుని తెల్లకాగితం మీద నిలబడండి. పెన్సిల్‌ని నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయమని ఇంట్లో వాళ్లని అడగండి. మనమే వంగి గీస్తే బరువు జరిగిపోయి కొలత తప్పుతుంది. మడమ చివర నుంచి పొడవాటి వేలి దాకా మిల్లీమీటర్లలో ఒక అంకె, అన్నిటికన్నా వెడల్పైన చోట అడ్డంగా ఒక అంకె, అదే చోట టేపు చుట్టి చుట్టుకొలత ఒకటి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని తీసుకోండి. నాకు ఎడమకాలు కుడికాలు కన్నా వెడల్పులో 3 మిల్లీమీటర్లు ఎక్కువ. ముప్పై ఏళ్లుగా ఆ కాలికే ఆనెలు ఎందుకొస్తున్నాయో ఆ కాగితం చూశాకే తెలిసింది.

నా కొలత పొడవు 258, వెడల్పు 105. అమెరికన్ లెక్కలో పొడవుకి ఎనిమిదిన్నర, వెడల్పుకి దాదాపు డబుల్ ఇ, అంటే మామూలు డి కన్నా రెండక్షరాలు వెడల్పు. మన షాపుల్లో 7 నంబరు, 8 నంబరు అనేది యూకే లెక్క. మగవాళ్ల అమెరికన్ సైజు దానికన్నా సుమారు ఒకటి ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇక్కడి 8 అక్కడ 9. స్నీకర్ల మీద ఉండే నంబరు పట్టుకుని మాత్రం మిలిటరీ బూట్లు కొనకండి. స్నీకర్ల సైజులు ఉదారంగా వేస్తారు, పాత బూట్లలో అర సైజు, ఒక్కోసారి పూర్తి సైజు తగ్గించాల్సి వస్తుంది. ఆడవాళ్లు అమెరికన్ సైజు నుంచి ఒకటిన్నర తీసేసి మగవాళ్ల నంబరు చూసుకోవచ్చు. అయితే ఆడవాళ్ల మామూలు వెడల్పు బి, మగవాళ్లది డి, అందుకని నంబరు సరిపోయినా బూటు వదులుగా ఉంటుంది. ఆర్ బదులు ఎన్, అంటే సన్నం, వెతకండి.

ఇంకో మాట. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షా 1,880 మంది పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ల కన్నా మన పాదాలు వెడల్పు అని అందులో తేలింది. 'భా' అనే పేరుతో మనకంటూ కొత్త సైజుల పద్ధతి కూడా ప్రతిపాదించారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, విదేశీ పాత బూట్లలో 'మామూలు' అని రాసి ఉన్న వెడల్పు మనలో చాలామందికి మామూలు కాదు. మీకు ఏ షూ అయినా చిటికెన వేలి దగ్గర నొక్కుతుంటే అది మీ పాదం తప్పు కాదు.

అమెరికన్ బూట్లు: ఒకే సైన్యం, రెండు అక్షరమాలలు

రెండో ప్రపంచ యుద్ధం నాటి సర్వీస్ షూలు, చీలమండ పైన రెండు బకిల్స్ ఉండే 1943 మోడల్ కంబాట్ బూట్లు, పారాట్రూపర్ల జంప్ బూట్లు, వీటి మీద వెడల్పు ఎ, బి, సి, డి, ఇ, డబుల్ ఇ అని ఉంటుంది. ఎ సన్నం, డి మామూలు, ఆ తర్వాత వెడల్పు. అక్షరానికీ అక్షరానికీ అడ్డంగా తేడా 5 మిల్లీమీటర్ల లోపే. వినడానికి చిన్నదే గానీ చిటికెన వేలిని అడిగితే తెలుస్తుంది.

వియత్నాం కాలానికి వచ్చేసరికి అక్షరాలు మారాయి. ఎన్ అంటే సన్నం, ఆర్ అంటే మామూలు, డబ్ల్యూ అంటే వెడల్పు, రెండు చివర్లా ఎక్స్‌ఎన్, ఎక్స్‌డబ్ల్యూ. పాతవాటితో పోలిస్తే ఆర్ దాదాపు డి. డబ్ల్యూ అంటే ఇ, డబుల్ ఇ మధ్యలో అనుకోండి. ఎన్ అంటే బి, సి. మొత్తాన్ని ఐదు గదుల్లోకి కుదించారు కాబట్టి ఒక్కో గదిలో కాస్త సందు ఎక్కువ. పాత పద్ధతిలో డి, ఇ రెండూ వేసి చూసి ఎంచుకోవచ్చు, కొత్తదాంట్లో ఆర్ బిగుతైతే నేరుగా డబ్ల్యూకి పోవాలి.

అమ్మేవాళ్లు ఇక్కడే తికమక పెడతారు, చాలాసార్లు తెలియకే. "9 ఆర్" అని ముద్ర ఉన్న బూటుకి ప్రకటనలో "సైజు 9" అని మాత్రమే రాస్తారు. లేదా ఆర్ అంటే రైట్, కుడికాలు బూటు అనుకుంటారు! నవ్వకండి, నేను ఒకాయనతో దీని మీద మూడు మెసేజ్‌లు వాదించాను. రెండు బూట్ల మీదా ఆర్ ఉంది కదా సార్, రెండూ కుడికాలివేనా అని అడిగితే అప్పుడు ఆగాడు.

ముద్ర కోసం చీలమండ దగ్గర లోపలి వైపు ఫోన్ టార్చి వేసి చూడండి. సిరా వెలిసిపోయి ఉంటే టార్చిని ఏటవాలుగా పట్టండి, నొక్కిన గుర్తు నీడగా కనిపిస్తుంది. కొన్నిటికి సోల్ కింద కమాను దగ్గర కూడా ఉంటుంది. పక్కనే డీఎస్ఏ (అమెరికా రక్షణ సరఫరాల శాఖ) 100 అని మొదలయ్యే కాంట్రాక్టు నంబరు ఉండి, దాని తర్వాత 68 అని ఉంటే అది 1968 కాంట్రాక్టు. డీఎస్ఏ కాకుండా డీఎల్ఏ అని ఉంటే 1977లో ఆ శాఖ పేరు మారాక చేసినది, వియత్నాం బూటు అని ఎవరెంత చెప్పినా నమ్మక్కర్లేదు.

ఇక ఎంపిక. ముందు భాగం వెడల్పు, మడమ సన్నం, ఇది మనలో చాలామంది పాదం. దానికి మన్సన్ అచ్చు మీద చేసిన తోలు బూటుని మించినది లేదని నా అభిప్రాయం. ఆ అచ్చులో లోపలి అంచు తిన్నగా ఉంటుంది, బొటనవేలిని పక్కకి తోయదు, వేళ్ల దగ్గర విశాలంగా ఉండి పాదం మధ్య భాగాన్ని పట్టి ఉంచుతుంది. ఇ అనో డబ్ల్యూ అనో ఉన్నది దొరికితే ఇంకేం ఆలోచించకండి. యుద్ధకాలం నాటి అసలువి వెడల్పు సైజుల్లో తక్కువ దొరుకుతాయి, దొరికినా సేకరించేవాళ్లు ధర పెంచేసి ఉంటారు. తొడుక్కుని తిరగడానికైతే యుద్ధం తర్వాతి తోలు బూట్లు చాలు. 1950ల చివర్లో అమెరికా ఆర్మీ గోధుమరంగు నుంచి నలుపుకి మారింది, ఆ మార్పులో నల్లరంగు వేసేసిన పాత గోధుమ బూట్లు ఇప్పటికీ కనపడతాయి, అవి చూడ్డానికి అంత బాగుండవు కాబట్టి చవక.

జంగిల్ బూటు సంగతి వేరు. దాని పైభాగంలో ఎక్కువ వంతు గుడ్డ, ముందూ వెనకా తోలు. తోలు కాలక్రమంలో పాదానికి ఒదుగుతుంది, నైలాన్ గుడ్డ ఒదగదు. నేలలో పాతిపెట్టే చెక్కిన వెదురు మేకుల నుంచి కాపాడటానికి అడుగున స్టీలు రేకు వేసినవి ఉంటాయి, ఆ రేకు కూడా వంగే చోటు విషయంలో మొండిగా ఉంటుంది. కాబట్టి జంగిల్ బూట్లలో వెడల్పు మొదటి రోజే సరిగ్గా ఉండాలి. "వాడితే సాగుతుందిలే" అనే మాట ఇక్కడ పనిచేయదు. నా తొమ్మిదిన్నర ఆర్ గొడవంతా ఇదే.

సన్నపాదం వాళ్లకి జంప్ బూట్లు బాగుంటాయి. వెడల్పు పాదం వాళ్లు ఎంత ముచ్చటపడినా, అద్దంలా మెరిసే ఆ ముక్కు లోపల గట్టి తొడుగు ఉంటుంది, అది ఒక్క మిల్లీమీటరు కూడా ఇవ్వదు. ఆ ముచ్చటకి గోడ మీద ఫొటో చాలు.

బ్రిటిష్ బూట్లు: ఎల్ అంటే పొడవు కాదు

మేకుల సోల్ ఉన్న అమ్యునిషన్ బూట్లు, ఆ తర్వాత వచ్చిన డీఎంఎస్ బూట్లు, 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో తడిసిన పాదాల అనుభవం తర్వాత వచ్చిన పొడవాటి కంబాట్ బూట్లు, వీటి మీద 8 ఎమ్, 9 ఎల్ లాంటివి చూస్తారు. ఎన్‌సీసీలో చేసినవాళ్లకి డీఎంఎస్ అనే మాట కొత్త కాదు, సోల్‌ని నేరుగా బూటుకే అచ్చుపోసి అతికించే పద్ధతి పేరు అది. ఇక్కడ ఎమ్ అంటే మీడియం, ఎల్ అంటే లార్జ్, రెండూ వెడల్పుకే. ఎల్ చూసి లాంగ్ అనుకుని వదిలేసినవాళ్లూ ఉన్నారు, 8 ఎల్ అంటే బట్టల సైజు లాగా 'పెద్ద సైజు' అనుకుని కొన్నవాళ్లూ ఉన్నారు. నంబరు యూకే లెక్క కాబట్టి మనకి సుఖం, మార్చుకోవాల్సిన పని లేదు.

మీ షూ షాపు నంబరు 8 అయ్యి, ఎప్పుడూ ముందు భాగం నొక్కుతుంటే 8 ఎల్ తీసుకోండి, 9 ఎమ్ వద్దు. ఎల్ దొరక్కపోతే ఆగండి. బ్రిటిష్ తోలు మందంగా, గట్టిగా ఉంటుంది, ఒదగడానికి టైమ్ పడుతుంది గానీ ఒదిగాక పాదానికి పోతపోసినట్టు కూర్చుంటుంది. మొదటి రెండు వారాలు ఇంట్లోనే గంటా గంటన్నర తొడుక్కుని తిరగండి. ఇంట్లో వాళ్లు చప్పుడుకి తిడతారు, అది వేరే విషయం.

రెండు అంకెలు, మధ్యలో గీత

265/104 అని ఉంటే పండగే. దీన్ని మోండోపాయింట్ అంటారు. మొదటిది పాదం పొడవు, రెండోది పాదం వెడల్పు, రెండూ మిల్లీమీటర్లలో. బూటు కొలతలు కావు, పాదం కొలతలు, అదే దీని గొప్పతనం. కాగితం మీద గీసుకున్న మీ పాదం అంకెలు పక్కన పెట్టి చూస్తే చాలు, అక్షరాలు, దేశాలు, యూకేనా అమెరికానా అనే టెన్షన్ ఏమీ లేదు. జర్మన్ సైన్యం బూట్లలోనూ, తర్వాతి కాలం బ్రిటిష్ బూట్లలోనూ దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో తొడిగి చూడకుండా మొదటిసారి కొనేవాళ్లకి నా మొదటి సలహా ఇదే. పాతకాలపు అందం తక్కువ, నిజమే, కానీ తిప్పి పంపే అవసరం రాదు.

నా 258/105కి 260/105 చుట్టుపక్కల వెతుక్కున్నాను, మూడో వారానికి దొరికింది. మా ఇంట్లో ప్రస్తుతం ఎక్కువ అరిగేది ఆ జతే.

ఒక జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బూట్లలో కూడా రెండు అంకెలు ఉంటాయి, 28 పక్కన 5 లాగా. అక్కడ మొదటిది సెంటీమీటర్లలో పొడవు, రెండోది వెడల్పుకి ఇచ్చిన వరస సంఖ్య, మిల్లీమీటర్లు కాదు. రెండిటినీ కలిపేయకండి.

సోవియట్ సిపాయిల పొడుగు బూట్ల గురించి కూడా అడుగుతుంటారు. వాటి మీద రష్యన్ అక్షరాల్లో సన్నం, మధ్యరకం, వెడల్పు అని మూడు గుర్తులు ఉంటాయి. అసలు విషయం ఏమిటంటే వాటిని సాక్సులతో తొడిగేవాళ్లు కాదు, పాదానికి గుడ్డ చుట్టుకుని తొడిగేవాళ్లు. లోపల ఆ గుడ్డ మడతలకి చోటు ఉంటుంది, పల్చటి సాక్సుతో దిగితే కాలు గుడి గంట లోపలి నాలుకలా ఊగుతుంది. లేసులు కూడా లేవు బిగించుకోవడానికి. నడకకి వద్దు, నాటకాలకీ షెల్ఫుకీ బాగుంటాయి.

డబ్బు కట్టే ముందు

అమ్మేవాళ్లని సోల్ వెడల్పు అడక్కండి. కుట్టు అంచు రెండు వైపులా బయటికి ఉంటుంది కాబట్టి ఆ అంకె మనల్ని మోసం చేస్తుంది. బూటు లోపలి అట్ట వెడల్పైన చోట ఎంత ఉందో స్కేలు పెట్టి ఫొటో తీయమనండి. మీకు బాగా సరిపోయే పాత షూ ఒకదాన్ని తీసి లోపల అదే చోట కొలిచి పోల్చుకోండి.

చేతికొచ్చాక లేసులు మామూలుగా కట్టి పైనుంచి చూడండి. లేసు రంధ్రాల రెండు వరసలూ దాదాపు తాకేస్తుంటే బూటు మీకు వెడల్పు ఎక్కువ, ఇన్సోల్ వేస్తే కొంత సర్దుకుంటుంది. మధ్యలో మూడు వేళ్లు పట్టేంత సందు ఉంటే సన్నం. బొటనవేలి ఉబ్బు, బూటు వెడల్పైన చోటు ఒకే దగ్గర ఉన్నాయా చూడండి. అవి కలిశాక ముక్కు దగ్గర ఖాళీ ఎంతుందన్నది రెండో సంగతి.

తోలు బూటు కొంచెమే బిగుతైతే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర సాగదీసే కర్ర ఉంటుంది. నేను వెళ్లే పెద్దాయన నా బూటు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రెండుసార్లు నొక్కి, "ఒక అక్షరం తేడా అయితే నేను చూసుకుంటా సార్, రెండక్షరాలైతే బూటే మార్చుకోండి" అన్నాడు. ఆయనకి అక్షరాల లెక్క నేనే చెప్పాను, నెలలో నాకన్నా బాగా వాడేస్తున్నాడు. అయితే పాత తోలు ఎండిపోయి ఉంటుంది. ముందు కండిషనర్ రాసి రెండు మూడు రోజులు వదిలేయాలి, లేకపోతే కర్ర పెట్టగానే ముడతల దగ్గర చీలుతుంది. కొన్ని దశాబ్దాలు తడీ ఎండా చూసిన బూటు ముద్ర మీద ఉన్న వెడల్పు కన్నా కాస్త కుంచించుకుపోయి ఉండే అవకాశమూ ఉంది, అటూ ఇటూ అనిపిస్తే వెడల్పైనదాన్నే తీసుకోండి. పాలియురేథేన్ సోల్ ఉన్న పాత బూట్లయితే వెడల్పు కుదిరినా లాభం లేదు, వాడకుండా పెట్టినా ఆ సోల్ లోపల్లోపలే కుళ్లి ఒకరోజు దారిలో పొడి పొడిగా రాలిపోతుంది. గోరుతో గట్టిగా నొక్కి చూడండి, గుంట పడి అలాగే ఉండిపోతే వద్దు.

నా తొమ్మిదిన్నర ఆర్ జంగిల్ బూట్లు ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉన్నాయి. వాడి పాదం పొడవు 267, వెడల్పు 99. తొడుక్కుని రెండడుగులు వేసి, "అన్నయ్యా, వీటికేమైంది, బాగానే ఉన్నాయిగా" అన్నాడు.